న్యూట్రినో తూకము – వాల్తేరు స్వామి

మహబూబాబాదు జిల్లాలోని నర్సింహులపేట మండలము, 2016వఱకు వరంగల్లు జిల్లాలో భాగమై యుండినది, తెలంగాణపు రాతినేల. ఎండకు కాగి వానకు తడిసి యుగములుగా పడియున్న గ్రానైటు గుండును చూచినవానికి లోకమున ఇంతకంటె జడమైన పదార్థ మింకొకటి యుండదని తోచుట సహజము. కాని గ్రానైటులోని ఫెల్డ్‌స్పారు అను ఖనిజమున పొటాసియము కలదు. ఆ పొటాసియమున పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున, ఇంచుక యెక్కువగానే, పొటాసియము-40 అను నిలుకడలేని జాతి కలదు. సామాన్యముగా కిలో గ్రానైటులో సెకనునకు సుమారు 1000 చొప్పున ఆ జాతి కేంద్రకములు తమంతట తామే విఘటన మొందుచుండును. వానిలో నూటికి 89 ఒక ఎలక్ట్రానును వెడలగ్రక్కి కాల్సియముగా మారును. ఎలక్ట్రానుతోపాటు మఱియొక కణమును వెడలును. అది రాతిని దాటి, భూగోళము నంతను దాటి, అడ్డులేక అంతరిక్షమున కలిసిపోవును. దానికి న్యూట్రినో యని పేరు. శాస్త్రజ్ఞులు దీనిని ప్రతిన్యూట్రినో యని వేఱుచేసి చెప్పుదురు గాని, ఈ వ్యాసమునకు ఆ భేదముతో పనిలేదు.

ఈ కణమునకు బరువు కలదా, కలిగినచో ఎంత, అను ప్రశ్న పుట్టి తొంబదియేండ్లు దాటినది. ఆ ప్రశ్న చరిత్రను సాధారణముగా సిద్ధాంతకర్తల చరిత్రగనే వ్రాయుదురు. నా యభిప్రాయమున అది ప్రధానముగా పనివారి చరిత్ర. అనగా, సన్నని పొరపై రేడియోధార్మిక ద్రవ్యమును పలుచగా ఆరబెట్టినవారు, గొట్టములనుండి గాలిని తోడివేసినవారు, తీగచుట్టలో పాఱు విద్యుత్తును వెండ్రుకవాసి తేడా రాకుండ నిలిపినవారు, వీరి చరిత్ర. అట్టి పనివారిలో ఒక తెలుగువాడు కలడు. మనవా రాయనను హిమాలయములనుండి దిగివచ్చి పరమాణుశాస్త్రజ్ఞుడైన సన్న్యాసి యను వింతగా జ్ఞాపక ముంచుకొనిరి. ఆయన చేతులారా చేసిన పనిని మాత్రము దాదాపు మఱచిరి.

1896వ సంవత్సరారంభమున పారిసు నగరమున హెన్రీ బెక్వెరెల్ యురేనియపు లవణమునుండి వెలువడు అదృశ్యకిరణములను ఫలకముపై కనుగొనెను. ఆ యేడు డిసెంబరు నెలలో పశ్చిమగోదావరి సీమలో, భీమవరమునకు చేరువ గొరగనమూడి గ్రామమున, భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించెను. రేడియోధార్మికతకు ఆయనకు ఒకే వయస్సు. ఆయన జాతకమునకు నేను దీనిని ముడిపెట్టుట లేదు. ఆయన ప్రయోగశాలలో అడుగు పెట్టునప్పటికి ఆ శాస్త్ర మెంత పెరిగియుండెనో చెప్పుటకు ఇది సులభమైన కొలత కనుక చెప్పుచున్నాను.

ఆ పెరుగుదలలో మనకు కావలసిన భాగము బీటాకిరణముల చిక్కు. రేడియోధార్మిక పదార్థముల కిరణములలో రెండు తెఱగులను వేఱుచేసి, వానికి ఆల్ఫా, బీటా యని రూథర్‌ఫర్డు 1899లో పేర్లు పెట్టెను; బీటాకిరణములు మహావేగముతో పోవు ఎలక్ట్రానులే యని త్వరలోనే తేలెను. ఒక కేంద్రకము మఱియొక కేంద్రకముగా మారునపుడు రెంటి శక్తులకు గల భేదము స్థిరమైనది కావున, వెడలు ఎలక్ట్రానుకు సైతము స్థిరమైన శక్తియే యుండవలెనని అందఱు తలంచిరి. బెర్లినులో ఓట్టో హాన్, లీజె మైట్నర్ మున్నగువారు ఛాయాచిత్రఫలకములపై గీతలు గీతలుగా పడిన వర్ణపటమును చూచి ఆ తలంపు నిజమే యనుకొనిరి. అదే నగరమున గైగర్ ప్రయోగశాలకు వచ్చిన జేమ్స్ చాడ్విక్ అను ఆంగ్లయువకుడు 1914లో ఫలకమునకు మాఱుగా కణములను లెక్కించు పరికరమును నిలిపి చూడగా, గీతలు వర్ణపటమున స్వల్పాంశమే యనియు, తక్కినదంతయు సున్న మొదలుకొని ఒక గరిష్ఠశక్తి వఱకు తెంపులేక సాగిన ధార యనియు తేలెను. ఫలకము కంటికి ఇంపైన గీతలనే చూపి, మసకగా పఱచుకొన్న మిగిలినదానిని దాచివైచినది. ఆ యేటనే మహాయుద్ధము పుట్టగా చాడ్విక్ శత్రుదేశీయుడై, బెర్లినుకడ రూలెబెన్ శిబిరమున యుద్ధము ముగియువఱకు బందీగా నుండెను.

ఒకేజాతి కేంద్రకములు ఒకేజాతిగా మారుచుండగా ఎలక్ట్రానుల శక్తి ఒక్కొక్కప్పుడు ఒక్కొక్క రీతిగా నుండుటేమి? ఎలక్ట్రాను దారిలో శక్తిని పోగొట్టుకొనుచున్నదేమో యని కొందఱు సమాధానము చెప్పిరి. 1927లో కేంబ్రిడ్జిలో ఎల్లిస్, వూస్టర్ అను నిరువురు ఆ సమాధానమును పరీక్షించుటకు, రేడియం-ఇ యను పేరుగల బిస్మతు-210ని ఒక మూసిన లోహపాత్రలో నుంచి, దానియందు పుట్టిన వేడిమినంతయు కొలిచిరి. దారిలో పోయిన శక్తి సైతము పాత్రలోనే వేడిమిగా మిగులవలెను గదా! అట్లైనచో విఘటన మొక్కింటికి గరిష్ఠశక్తియైన సుమారు 10.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు తేలవలసియుండెను. తేలినది సుమారు మూడున్నర లక్షలు. అనగా ఎలక్ట్రానుల సగటు శక్తి మాత్రమే. తక్కినది పాత్రలో లేదు. నీల్స్ బోర్ అంతటివాడు శక్తినిత్యత్వనియమమే కేంద్రకములలో చెల్లదేమో యని సందేహించెను. 1930 డిసెంబరులో వోల్ఫ్‌గాంగ్ పౌలీ, ట్యూబింగెను పట్టణమున కూడిన శాస్త్రజ్ఞులకు జూరిచినుండి ఒక లేఖ వ్రాసి, కంటబడని తటస్థకణ మొకటి ఎలక్ట్రానుతో శక్తిని పంచుకొనుచున్నదని సూచించెను. జూరిచిలో ఒక నృత్యవినోదమునకు పోవలసియున్నందున తాను సభకు రాజాలనని కూడ ఆ లేఖలోనే వ్రాసెను. గంభీరమైన శాస్త్రచరిత్రలో ఇట్టి వాక్య మొకటి యుండుట నాకు మిక్కిలి ప్రీతికరము.

పౌలీ సూచనను 1934లో ఎన్రికో ఫెర్మి గణితబద్ధ మొనర్చెను. ఆ వ్యాసముననే న్యూట్రినో బరువును కనుగొను మార్గమునుగూడ ఆయన చూపెను. అన్నదమ్ము లిరువురు ఒక నిశ్చితమైన ఆస్తిని పంచుకొందురనుకొనుడు. ఒకడు కనబడును, రెండవవాడు కనబడడు. ఒక్కొక్క పంపకమున కనబడువాని వాటా ఒక్కొక్క రీతిగా నుండును. రెండవవాడు ఏమియు లేనివాడై, ఏమియు అక్కఱలేనివాడైనచో, ఎప్పుడో యొకప్పుడు మొదటివానికి ఆస్తి యంతయు దక్కవచ్చును. రెండవవానికి బ్రతుకుదెరువునకు కొంత తప్పనిసరి యైనచో, మొదటివాని వాటా ఎన్నడును మొత్తమునకు చేరదు. న్యూట్రినోకు బరువున్నచో అది పుట్టుటకే ఆ బరువునకు సరియైన శక్తి కావలెను. కావున ఎలక్ట్రాను వర్ణపటము మొత్తమునకు ఒకింత ముందే ఆగిపోవును. ఆగుచోట దాని వంపును మాఱును. వెదకవలసినది వర్ణపటపు కట్టకడపటి అంచున. అచ్చటికి చేరు ఎలక్ట్రానులు మిక్కిలి తక్కువ. మొత్తము ఆస్తి యెంతయో, అనగా మాతృకేంద్రకమునకు పుత్రికాకేంద్రకమునకు గల ద్రవ్యరాశి భేద మెంతయో, మఱియొక మార్గమున తెలిసికొననిదే ఆ అంచును పూర్తిగా నమ్మరాదు. ఇటుపైని చరిత్రయంతయు ఈ రెండు కష్టముల చరిత్రయే.

ఇక మన లక్ష్మీనరసింహరాజు విషయము. ఆయన యౌవనముననే ఇల్లు విడిచి హిమాలయప్రాంతములలో యోగాభ్యాసమున ఏండ్లు గడిపి, జ్ఞానానందస్వామి యను పేర ప్రసిద్ధులైరి. తాము రచించిన పూర్ణసూత్రము లను వేదాంతగ్రంథపు ప్రచురణార్థము 1920ల చివర జర్మనీకి పోయి, అచ్చట సాపేక్షసిద్ధాంతమును గూర్చిన ఉపన్యాసములు విని భౌతికశాస్త్రమునకు ఆకృష్టులైరని చెప్పుదురు. నలుబదియేండ్లకు చేరువైన వయస్సులో ప్రాగులోని చార్లెస్ విశ్వవిద్యాలయమున, వాట్స్‌లావ్ డోలెయ్‌షెక్ అను ఆచార్యునికడ ఎక్సురే వర్ణపటశాస్త్రమున పరిశోధన చేసి పట్టము పొందిరి. ఈ డోలెయ్‌షెక్ 1925లో హెయ్‌రోవ్‌స్కీతో కలిసి 75వ మూలకమును మాంగనీసు లవణములలో కనుగొంటినని ప్రకటించినవాడు. ఆ యేడే ఆ మూలకమును జర్మనులు కనుగొని రీనియ మని పేరుపెట్టగా కీర్తి వారికే దక్కెను. యుద్ధకాలమున నాజీలచేత చిక్కి, 1945 జనవరిలో టెరెజీన్ నిర్బంధశిబిరమున ఆయన మరణించెను. రీనియము పేరు ఈ వ్యాసమున మరల వచ్చును.

ప్రాగునుండి జ్ఞానానందులు లివర్‌పూలు విశ్వవిద్యాలయమునకు పోయిరి. అచ్చటి ఆచార్యు డెవడనగా, న్యూట్రానును కనిపెట్టి, 1935లో కేంబ్రిడ్జి విడిచి వచ్చి, ఆ యేటనే నోబెలు బహుమానము నందుకొన్న జేమ్స్ చాడ్విక్; ఇరువదియేండ్ల క్రిందట బెర్లినులో బీటావర్ణపటపు ధారను మొట్టమొదట చూచిన వ్యక్తి. అట్టివానికడ గొరగనమూడి సన్న్యాసి ఎంచుకొన్న విషయము సూక్ష్మమైన బీటాకిరణ వర్ణపటమాపనము. విద్యావంశ మన నిట్లుండును. అడవిలో తపస్సు చేసినవాడు ప్రయోగశాలకు వచ్చెనని ఆశ్చర్యపడువారు, ఏ చిక్కును మొదట చూచినవానికడకు ఏ పనికై వచ్చెనో విచారించినచో ఆశ్చర్యమునకు మఱింత మంచి కారణము దొరకెడిది.

ఆ పని యెట్టిదో కొంచెము దగ్గఱనుండి చూడవలెను. రేడియోధార్మిక లవణమును నీట కరగించి, ఆ ద్రవమును బిందువుగా ఒక అతిపలుచని పొరపై నుంచి ఆరబెట్టుదురు. ఆ పొరను లోహపుగొట్టమున ఒక కొనను బిగించి, గొట్టములోని గాలిని పంపులతో తోడివేయుదురు. గాలి మిగిలినచో ఎలక్ట్రానులు దాని యణువులను తాకి దారితప్పును. గొట్టముచుట్టు తీగచుట్టయో, పైని క్రిందను అయస్కాంతధ్రువములో యుండును. అయస్కాంతక్షేత్రమున ఎలక్ట్రానుల దారి వంగును. మెల్లగా పోవునది ఎక్కువగా, వేగముగా పోవునది తక్కువగా. కావున క్షేత్ర మొక విలువయొద్ద నున్నపుడు ఒకానొక శక్తిగల ఎలక్ట్రానులే సన్నని చీలికగుండ అవతలి కొననున్న గణకమునకు చేరును. విద్యుత్తును ఒక మెట్టు పెంచి కొన్ని నిమిషములు లెక్కించుట, మరల ఒక మెట్టు పెంచి లెక్కించుట: పని యంతయు నింతే. గరిష్ఠశక్తి సమీపించినకొలది లెక్కలు పలుచబడి, నిమిషమునకు ఒకటి రెండుగా మాఱి, విశ్వకిరణములచేత ఊరక మ్రోగు గణకపు చప్పుడులో కలిసిపోవును. కొలిచిన యంకెలను 1936లో క్యూరీ యను అమెరికను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో ప్రచారమునకు తెచ్చిన రీతిగా గీసినచో — ఈతడు మేరీ క్యూరీ బంధువు కాడు — వంపుగీత సరళరేఖ యగును. ఆ రేఖ అడుగుగీతను తాకినచోటే విఘటనశక్తి.

ఆరబెట్టిన లవణపు పొర దళసరి యైనచో ఏమగునో 1930లలో లోకము చూచెను. దళసరిపొరలో ఎలక్ట్రానులు బయటికి రాకమునుపే కొంత శక్తిని పోగొట్టుకొనగా వర్ణపటము వంకరపోయెను. ఆ వంకరకు సరిపడునట్లు ఫెర్మి సిద్ధాంతమునే సవరించి 1935లో మిషిగన్ విశ్వవిద్యాలయమునుండి కొనోపిన్‌స్కీ, ఊలెన్‌బెక్ అనువారు క్రొత్త సూత్రమును ప్రకటించిరి. కొన్నేండ్లు చాలమంది దానినే నమ్మిరి. పొరలు పలుచనైనకొలది సవరణ అక్కఱలేదని తేలి, ఫెర్మియే నిలిచెను. ఒక చిటికెడు ఉప్పు దళసరిగా నుండుటచేత ప్రకృతినియమమునే మార్చబోయిరి! ఆ మిషిగను విశ్వవిద్యాలయమునకే జ్ఞానానందులు లివర్‌పూలు పిమ్మట పోయి పరిశోధన సాగించిరి. 1947లో న్యూయార్కున వాన్ నోస్ట్రాండు ప్రచురణగా వెలువడిన ఆయన గ్రంథము పేరు 'హై వాక్యువా'. గాలిని మిక్కిలి లోతుగా తోడివేసిన శూన్యమును గూర్చినది, దాని సూత్రములు, దానిని కల్పించు పద్ధతులు, దానిని కొలుచు సాధనములు ఇందలి విషయము. వేదాంతగ్రంథమును ముద్రించుటకు సముద్రము దాటిన యతి రెండు దశాబ్దుల పిమ్మట పంపులను గూర్చియు పీడనమాపకములను గూర్చియు గ్రంథము వ్రాసెను. ఆయన జీవితమునందలి అసలైన పరివర్తన యిదియే యని నా నమ్మకము. సభలలో దీనిని చెప్పినవారిని నే నెఱుగను.

స్వాతంత్ర్యము వచ్చిన యేట ఆయన స్వదేశమునకు మరలి, ఢిల్లీలోని జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసి, 1950లలో, వాసిరెడ్డి శ్రీకృష్ణ ఉపాధ్యక్షులుగా నున్న దినములలో, వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. అచ్చట కేంద్రకభౌతికశాస్త్రమునకు ప్రత్యేకశాఖ ఆయనచేత నెలకొల్పబడెను. బీటా, గామా కిరణముల వర్ణపటముల అధ్యయనము దాని ముఖ్యవృత్తి యయ్యెను. గామాకిరణములు ఎందుకన, బీటావిఘటనమున పుట్టిన పుత్రికాకేంద్రకము తఱచుగా ఉద్రిక్తస్థితిలో పుట్టి, మెట్టు మెట్టుగా దిగుచు, దిగిన ప్రతి మెట్టునకు ఒక గామాకిరణమును విడుచును. ఆ కిరణముల శక్తులను కొలిచినచో మెట్ల యెత్తులు తెలియును. ఇట్టి మెట్లపటములు గీయుట పేరుప్రతిష్ఠలు తెచ్చు పని కాదు. ఆయన 1969లో పరమపదించిరి. ఆ ప్రయోగశాలలకు ఆయన పేరే నిలిచినది.

ఆయన న్యూట్రినో బరువును తూచెనని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పుట అసత్యమగును. ఆ తూకమున కక్కఱకు వచ్చు చేతిపనిని నేర్చి, తెలుగుదేశమున దానికొక పాఠశాలను నిలిపిరి, అది చాలును.

ఆ కాలముననే తెలుగు పలుకువారు అధికముగా గల కోలారు జిల్లాలో, బంగారుగనుల అడుగున, భూమికి రెండు కిలోమీటర్లకంటె లోతున, టాటా సంస్థవారును జపాను, ఇంగ్లండు దేశములవారును కలిసి పెట్టిన పరికరములలో 1965లో న్యూట్రినోలు పుట్టించిన కణముల జాడ కనబడెను. వాతావరణమున పుట్టిన న్యూట్రినోలను లోకమున మొట్టమొదట పట్టినవారిలో మీనన్, శ్రీకంటన్, రమణమూర్తి మున్నగువా రుండిరి. అట్టి వాతావరణ న్యూట్రినోలనే లెక్కించి 1998లో జపానులోని సూపర్ కామియోకాండే పరిశోధకులు న్యూట్రినోలు ప్రయాణమున ఒక జాతినుండి మఱియొక జాతికి మాఱుచున్నవని చూపిరి. బరువులేని కణము అట్లు మాఱజాలదు. కాని ఆ పరీక్ష బరువుల నడుమ భేదమునే చెప్పును గాని బరువును చెప్పదు. బరువును దానికి సరియైన శక్తిగా చెప్పినచో, వానిలో మిక్కిలి బరువైనది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో ఇరువదవ వంతునకు తక్కువ కాదని తేలెను. ఎక్కువ యెంతయో తేలలేదు. దానికి మరల బీటావర్ణపటపు అంచుకే పోవలసివచ్చెను.

అంచున వెదకువారికి మొదటినుండియు ప్రియమైనది త్రిటియము, అనగా హైడ్రోజను మూడవ జాతి. దాని విఘటనశక్తి కేవలము 18,600 ఎలక్ట్రాన్ వోల్టులు. మొత్తము ఆస్తి చిన్నదైనపుడు చిన్న లోటు సైతము కనబడును. 1952లో అమెరికాలో లాంగర్, మొఫాట్ అనువారు అయస్కాంత వర్ణపటమాపకముతో చూచి న్యూట్రినో బరువు 250 ఎలక్ట్రాన్ వోల్టులకు మించదనిరి. 1972లో స్వీడనులో బెర్గ్‌క్విస్టు ఆ హద్దును 60కి దించెను. 1980లో మాస్కోలోని ల్యూబిమొవ్ బృందము, వేలీను అను ఆమినో ఆమ్లమున త్రిటియమును చేర్చి కొలిచి, హద్దు కాదు, బరువే దొరకినది, అది 14కును 46కును నడుమ నున్నదని ప్రకటింపగా పెద్ద సంచలనము పుట్టెను. ఏలన, అంత బరువే యున్నచో విశ్వమందలి కంటబడని ద్రవ్యమునకు అంతటికిని న్యూట్రినోలే జవాబు చెప్పెడివి. జూరిచి, టోకియో, లాస్ అలమోసు ప్రయోగశాలలు పదియేండ్ల శ్రమతో దానిని త్రోసిపుచ్చెను. దోషము మరల పాతదోషమే: ఎలక్ట్రాను బయలుదేరిన పదార్థములో పోగొట్టుకొన్న శక్తిని, వేలీను అణువు తనలో నిలుపుకొన్న శక్తిని సరిగా లెక్కింపకపోవుట.

త్రోసిపుచ్చినవారికి సైతము ముప్పు తప్పలేదు. 1990ల ఆరంభమున పలు ప్రయోగములలో న్యూట్రినో బరువు వర్గము ఋణసంఖ్యగా వచ్చుచుండెను. అనగా అర్థము లేని జవాబు. జర్మనీలోని మైన్జు నగరమువారు తమ త్రిటియమును గ్రాఫైటుపై గడ్డకట్టిన పొరగా నుంచెడివారు. ఆ పొర కాలక్రమమున ముడుచుకొని గుట్టలు గుట్టలు కట్టుచుండెననియు, రెండు కెల్విను అంశములకు తక్కువగా చల్లబఱచినచో చదునుగా నిలుచుననియు కనుగొన్న పిమ్మట వారి యంకెలు దారికి వచ్చెను. మైన్జువారును రష్యాలోని త్రోయిత్స్క్‌వారును హద్దును సుమారు రెండు ఎలక్ట్రాన్ వోల్టులకు దించిరి.

వారి వారసత్వమే కాల్‌స్‌రూహె నగరమందలి కాట్రిన్ ప్రయోగము. దాని ప్రధానపాత్ర 23 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 200 టన్నుల బరువు గలది. దానిని నిర్మించిన డెగ్గెన్‌డార్ఫు పట్టణము కాల్‌స్‌రూహెకు సుమారు 400 కిలోమీటర్ల దూరమే యైనను, అంతటి పాత్ర భూమార్గమున పోజాలక, 2006లో డాన్యూబు నదినుండి నల్లసముద్రమునకును, మధ్యధరాసముద్రమునకును, అట్లాంటికు మీదుగా రైను నదికిని, ఇంచుమించు 9000 కిలోమీటర్లు చుట్టి వచ్చెను. కడపట లెయోపోల్డ్స్‌హాఫెను వీథులలో ఇండ్ల గోడలకు బెత్తెడు దూరమున అది మెల్లగా సాగుచున్న ఛాయాచిత్రము ప్రసిద్ధమైనది. ఆ పాత్రలోని గాలిని వాతావరణపీడనమున కోటి కోట్ల వంతునకు తగ్గింతురు. ఇంత పెద్ద పాత్రలో ఇంత లోతైన శూన్యము మిక్కిలి అరుదు. 1947లో జ్ఞానానందులు గ్రంథము వ్రాసినది ఈ విద్యను గూర్చియే. త్రిటియము సెకనునకు పదివేల కోట్ల చొప్పున విఘటన మొందుచుండినను, కట్టకడపటి ఒక్క ఎలక్ట్రాన్ వోల్టు భాగమున పడునవి పదిలక్షల కోట్లలో రెండు మాత్రమే. కాట్రినువారు 2019లో 1.1, 2022లో 0.8, 2025లో 0.45 ఎలక్ట్రాన్ వోల్టుల హద్దులను ప్రకటించిరి. కడపటి యంకె ఎలక్ట్రాను బరువులో పదిలక్షలవ వంతుకంటె తక్కువ.

ఇక రెండవ కష్టము, మొత్తము ఆస్తిని వేఱుగా తెలిసికొనుట. దీనికి తక్కెడ పెన్నింగు ఉచ్చు. బలమైన అయస్కాంతక్షేత్రమున, స్వల్పమైన విద్యుత్‌క్షేత్రపు గిన్నెలో, ఒకే యొక అయానును ఆపి నిలిపినచో అది చుట్టు తిరుగును; బరువైనది మెల్లగా, తేలికయైనది త్వరగా. త్రిటియపు అయానును, దాని పుత్రికయైన హీలియము-3 అయానును ఒకే క్షేత్రమున మార్చి మార్చి త్రిప్పి వాని తిరుగుళ్ల సంఖ్యలను పోల్చినచో ద్రవ్యరాశి భేదము తేలును. ఫ్లోరిడా రాష్ట్రవిశ్వవిద్యాలయమున మైయర్స్ నడుపు ప్రయోగశాలవారు ఇటీవల తేల్చిన విలువ 18,592.071 ఎలక్ట్రాన్ వోల్టులు, అనిశ్చితి 0.022 మాత్రము. త్రిటియపు కేంద్రకమంతయు శక్తిగా మాఱినచో సుమారు 280 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టు లగునని తలంచినపుడు ఈ సూక్ష్మత యెంతటిదో తెలియును. వర్ణపటమునుండి కాట్రినువారు లెక్కించిన అంచు ఈ విలువతో పొసగినచో, తమ పరికరమున దాగిన దోషము లేదని వారు ధైర్యము చెప్పుకొనవచ్చును. వర్ణపటము, తక్కెడ, ఒకదానికొకటి సాక్షి.

త్రిటియముకంటె చిన్న ఆస్తిగల కేంద్రకములకై వెదకులాట ఏనాడో మొదలైనది. డోలెయ్‌షెక్ చేజార్చుకొన్న రీనియమున 187వ జాతి విఘటనశక్తి 2,500కు లోపే. హైడెల్‌బెర్గులో ఐదు ఉచ్చులను ఒకదానిపై నొకటి పేర్చిన పెంటాట్రాపు అను యంత్రమున 2021లో అది 2,470.9గా, 1.3 అనిశ్చితితో తేలెను. కాని దాని అర్ధాయువు నాలుగువేల కోట్ల సంవత్సరములకు పైబడినది. తగినన్ని విఘటనములు చూడవలెనన్న లోహము పెద్దముద్దగా కావలెను, ముద్ద పెద్దదైనకొలది కొలత మొద్దుబారును. అందుచే ఇప్పు డందఱి చూపు హోల్మియము-163పై నున్నది. అది ఎలక్ట్రానును వెడలగ్రక్కదు. తనచుట్టు తిరుగు ఎలక్ట్రానునే మ్రింగును. దాని విఘటనశక్తికి పూర్వులిచ్చిన విలువలలో వందలకొలది ఎలక్ట్రాన్ వోల్టుల భేదము లుండెడివి. 2024లో అదే హైడెల్‌బెర్గు యంత్రము 2,863.2 అని, 0.6 అనిశ్చితితో నిర్ణయించెను. ఆ హోల్మియమును బంగారపు రేకులో పొదిగి, నిరపేక్షశూన్యమునకు అతిసమీపముగా చల్లబఱచి, ఒక్కొక్క విఘటనమున రేకు ఎంత వేడెక్కెనో కొలుతురు. ఇది ఎల్లిస్, వూస్టరుల 1927 నాటి పాత్రయే. ఆనాడు కోట్ల విఘటనముల వేడిమిని కలిపి చూచిరి, నేడు విడివిడిగా చూచుచున్నారు.

ఇంతవఱకు తెలిసినవానిలో అన్నిటికంటె చిన్న ఆస్తి ఇండియము-115కు గల ఒక అరుదైన విఘటనమున కనబడును. ఇండియము అర్ధాయువు నాలుగు కోటి కోట్ల సంవత్సరములకు మించినది. 2005లో ఇటలీలోని గ్రాన్ సాస్సో పర్వతగర్భమున పరిశోధకులు ఇండియపు కడ్డీనుండి 4,97,000 ఎలక్ట్రాన్ వోల్టుల గామాకిరణము వెలువడుచున్నదని కనుగొనిరి. అనగా, అరుదుగా ఇండియము తగరపు ఉద్రిక్తస్థితికి కూడ మాఱుచున్నదన్నమాట. 2009లో ఫ్లోరిడావారును, ఫిన్లండులోని యువస్కూలవారును తమ ఉచ్చులలో ఇండియము, తగరముల ద్రవ్యరాశి భేదమును తూచి, దానినుండి ఆ ఉద్రిక్తపు మెట్టు ఎత్తును తీసివేయగా మిగిలినది వందల ఎలక్ట్రాన్ వోల్టులే. ఫ్లోరిడావారి కొలత ప్రకారము సుమారు 155. ఈ తీసివేతలో ఒక యంకె ఉచ్చునుండి వచ్చును. రెండవది గామావర్ణపటమునుండి, వాల్తేరులో ఆనాడు గీచుచుండిన వంటి మెట్లపటమునుండియే రావలెను. మెట్టు ఎత్తులో పదుల ఎలక్ట్రాన్ వోల్టుల పొరపా టున్నను ఇంత చిన్న శేషమున దాని దెబ్బ గట్టిగా తగులును. అందుచే ఉచ్చుల సూక్ష్మత పెరిగినకొలది, పాతకాలపు గామాకొలతలను మరల చేయవలసి వచ్చుచున్నది. సీజియము-135 మొదలుగా ఇట్టి కేంద్రకముల పట్టిక యొకటి సిద్ధమగుచున్నది. ఇండియమున మాత్రము అట్టి విఘటనము సుమారు పదిలక్షలకు ఒకటియే. తక్కినవాని హోరులోనుండి దానిని వేఱుచేసి, దాని ఎలక్ట్రాను శక్తిని అంచువఱకు కొలువగల సాధన మింకను ఎవరును నిర్మింపలేదు.